వర్క్‌షాపు ప్రశ్నలు – జవాబులు: అల ఎంత పొడవుందో ముందు కొలవండి

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బెల్టు మీద నడిచే సీఎన్‌సీ ప్లాస్మా టేబుళ్ళ (కంప్యూటరు నడిపే టార్చితో ఇనుప షీటును కోసే యంత్రాల) వణుకు గురించే ఉన్నందువల్ల, మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి శీర్షికను ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలు రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ఇవ్వడం లేదు.

ప్రశ్న: ఇంజనీరు గారికి నమస్కారం. మాకు కర్నూలులో, కల్లూరు ఎస్టేటు దగ్గర, గేట్లు, గ్రిల్లులు, ట్రాక్టరు ట్రాలీలు చేసే షెడ్డు ఉంది. పోయిన ఏడాది నేనూ మా బావమరిదీ కలిసి 1500 మి.మీ. వెడల్పు, 3000 మి.మీ. పొడవుతో ప్లాస్మా టేబులు సొంతంగా కట్టుకున్నాము. గ్యాంట్రీకి (టార్చిని మోస్తూ కదిలే అడ్డ దూలానికి) రెండు వైపులా ఒక్కొక్క నీమా 23 సైజు స్టెప్పర్ మోటారు (మెట్లు మెట్లుగా తిరిగే మోటారు), మోటారు షాఫ్టుకే నేరుగా బిగించిన 20 పళ్ళ పుల్లీ, 15 మి.మీ. వెడల్పున్న హెచ్‌టీడీ 5ఎం బెల్టు ఉన్నాయి. గ్యాంట్రీ 608 బేరింగుల మీద, ఎం.ఎస్. యాంగిల్ వెంట నడుస్తుంది. 3 మి.మీ. షీటును నిమిషానికి 3000 మి.మీ. వేగంతో కోస్తే అంచు మీద సన్నని అలలు పడుతున్నాయి. మూల తిరిగిన తరువాత అవి పెద్దవవుతున్నాయి, టేబులు నడిమధ్యలో ఇంకా ఎక్కువ. వేగం తగ్గిస్తే సర్దుకుంటుందని 1500కు దించితే వణుకు తగ్గకపోగా రెట్టింపయింది. బెల్టులు మోగేటంత బిగించాము, మోటార్లకు కరెంటు పంపే డ్రైవరు పెట్టెలు రెండూ మార్చాము, ఫలితం లేదు. రెండు వేగాలతో కోసిన రెండు ముక్కలు పంపుతున్నాము. తప్పు ఎక్కడుందో దయచేసి చెప్పండి.

జవాబు: మీరు మాటలతో సరిపెట్టకుండా ముక్కలు పంపడం చాలా మంచి పని అయింది. యంత్రం వణకగానే చేతికి అలెన్ కీ తీసుకోవడం మనందరికీ అలవాటే గాని, నిజానికి ముందు తీసుకోవలసింది స్కేలు. యంత్రంలో తిరిగే ప్రతి భాగానికీ తనదైన చుట్టుకొలత ఉంటుంది, ఆ భాగంలో లోపం ఉంటే అది తిరిగిన ప్రతిసారీ అంచు మీద ఒక గుర్తు వేసి పోతుంది. కాబట్టి ఒక అలకూ తరువాతి అలకూ మధ్య దూరం ఎంతో తెలిస్తే, దోషి ఎవరో సగం తెలిసినట్టే.

మీ టేబులుకు ఆ లెక్క ఇలా ఉంటుంది. 5ఎం బెల్టుకు పంటికీ పంటికీ మధ్య దూరం 5 మి.మీ. గనుక, సరిగ్గా 5 మి.మీ.కు ఒకసారి వచ్చే అల బెల్టు పళ్ళు పుల్లీలో సరిగ్గా కూర్చోవడం లేదని చెబుతుంది. 20 పళ్ళ పుల్లీ ఒక చుట్టు తిరిగితే గ్యాంట్రీ 100 మి.మీ. కదులుతుంది, కాబట్టి 100 మి.మీ.కు ఒకసారి వచ్చే సాగతీత అల పుల్లీ రంధ్రం నడిమికి లేదనో, షాఫ్టు వంగిందనో అర్థం. 608 బేరింగు బయటి వ్యాసం 22 మి.మీ., చుట్టుకొలత 69 మి.మీ. అవుతుంది, ఆ దూరంలో అల కనబడితే బేరింగు పై రింగు మీద గంటు పడినట్టే. ఇక మోటారు సంగతి. 1.8 డిగ్రీల స్టెప్పర్ ఒక చుట్టుకు 200 స్టెప్పులు వేస్తుంది. మీ అమరికలో ఒక్కొక్క పూర్తి స్టెప్పు అర మిల్లీమీటరు, నాలుగు స్టెప్పులు కలిస్తే మోటారు కాయిళ్ళలో కరెంటు ఒక పూర్తి ఆవృత్తం ముగిస్తుంది, అంటే 2 మి.మీ. ఈ 2 మి.మీ. అనే అంకెను గుర్తు పెట్టుకోండి, మీ కష్టమంతా దాని దగ్గరే ఉంది.

దీనికి తోడు రెండవ పరీక్ష ఒకటి ఉంది. అదే గీతను రెండు వేగాలతో కోసి చూడాలి. వేగం మారినా అల పొడవు మారకపోతే ఆ అల పళ్ళకో, పుల్లీకో, మోటారుకో కట్టుబడి ఉన్నది. వేగంతో పాటు అల పొడవు కూడా మారితే అది గ్యాంట్రీ తనంతట తాను ఊగడం వల్ల వచ్చినది. వేగం ఏదైనా, డిజైను ఏదైనా, టేబులు మీద ఒకే చోట కుదుపు వస్తే తప్పు యాంగిల్ మీద ఉన్నది, అక్కడ కరిగిన ఇనుప గుండు అతుక్కుని ఉంటుంది లేదా యాంగిల్ పై నల్ల పెచ్చు లేచి ఉంటుంది.

మీ ముక్కల అంచులకు సుద్దముక్కను పడకేసి రుద్దితే గట్లు తెల్లబడి, గుంటలు నల్లగా మిగిలి, అలలు లెక్కపెట్టడానికి వీలుగా కనబడ్డాయి. 3000 వేగంతో కోసిన ముక్కలో నేరు గీత మీద 20 మి.మీ.లో 10 అలలు ఉన్నాయి, అంటే ఒక్కొక్కటి 2 మి.మీ., లోతు చాలా తక్కువ. అదే ముక్కలో మూల తిరిగిన చోట మాత్రం 4 మి.మీ. అలలు లోతుగా మొదలై, ఐదారు అలల తరువాత సన్నగిల్లి పోయాయి. 1500 వేగంతో కోసిన ముక్కలో మూల దగ్గరా, నేరు గీత మీదా అంతటా 2 మి.మీ. అలలే, అవి గోటితో తడిమినా తగిలేటంత లోతుగా ఉన్నాయి.

నిమిషానికి 3000 అంటే సెకనుకు 50 మి.మీ. మూల దగ్గర అల 4 మి.మీ. గనుక మీ గ్యాంట్రీ, కుదుపు తగిలినప్పుడల్లా, సెకనుకు పన్నెండున్నర సార్లు ఊగుతోంది. అది దాని సహజమైన ఊగు, దాని బరువు, బెల్టుల సాగు, మోటారు పట్టు కలిసి నిర్ణయించినది. మోటారు తన 2 మి.మీ. ఆవృత్తంతో గ్యాంట్రీని, 3000 వేగం దగ్గర, సెకనుకు 25 సార్లు తడుతోంది, అది ఊగు కంటే వేగంగా ఉన్నందున గ్యాంట్రీ అంతగా లొంగలేదు. వేగాన్ని 1500కు దించగానే ఆ తట్టడం సరిగ్గా సెకనుకు పన్నెండున్నర సార్లయింది. ఉయ్యాల తిరిగి వచ్చే క్షణానికి సరిగ్గా చేయి వేసి తోస్తే అది ఎలా ఎత్తుకు లేస్తుందో, మీ గ్యాంట్రీ కూడా అలాగే లేచింది. వేగం తగ్గించినందుకే వణుకు పెరగడం వెనుక ఉన్న కారణం ఇదే, మీరు మార్చిన డ్రైవర్లలో బహుశా ఏ లోపమూ లేదు.

ఖర్చు పెట్టే ముందు రెండు చిన్న పరీక్షలు తప్పక చేయండి. మొదటిది పుల్లీ గ్రబ్ స్క్రూలది. ప్రతి పుల్లీకీ, దాని షాఫ్టుకూ కలిపి వైట్‌నరుతో ఒక సన్నని గీత గీయండి, అరగంట పని చేయించిన తరువాత చూడండి. షాఫ్టు మీది గీత, పుల్లీ మీది గీత ఒక వెంట్రుక వాసి పక్కకు జరిగినా స్క్రూ జారుతున్నట్టే. షాఫ్టు మీద స్క్రూ తగిలే చోట ఆకురాయితో చదునుగా రాకి, ఒకదానికొకటి లంబంగా రెండు స్క్రూలు వేసి, మరకు లాక్ చేసే జిగురు పూయండి. రెండవ పరీక్షకు డయల్ గేజి, అయస్కాంతపు స్టాండు, కొట్లలో మూటలు తూచే స్ప్రింగు త్రాసు కావాలి. మోటార్లకు కరెంటు ఇచ్చి లాక్ చేసి, గేజి ముల్లును గ్యాంట్రీకి ఆనించి సున్నా పెట్టి, త్రాసు కొక్కెం తగిలించి 5 కిలోల బలంతో లాగి వదలండి. ముల్లు కదిలి, వదలగానే సున్నాకు తిరిగి వస్తే అది సాగు, బెల్టుదో మోటారుదో. కదిలిన ముల్లు తిరిగి సున్నాకు రాక దారిలోనే నిలిచిపోతే అది ప్లే, అంటే పుల్లీలోనో, బేరింగులోనో, బెల్టు కొస పట్టిన క్లాంపులోనో లూజు ఉన్నది. ఈ రెంటినీ ఒకటిగా భావించి బెల్టు బిగిస్తూ పోవడం వల్లే చాలామంది షెడ్లలో రోజులు వృథా అవుతున్నాయి.

ఆ లాగే పరీక్షను టేబులు ఒక కొసన ఒకసారి, నడిమధ్యలో ఒకసారి చేస్తే, నడిమధ్యలో వణుకు ఎందుకు ఎక్కువో మీకే కనబడుతుంది. బెల్టు ఎంత పొడవుంటే అంత సాగుతుంది. 3000 మి.మీ. బెల్టు రెండు కొసలూ టేబులుకు బిగించి, గ్యాంట్రీ మోటారు దాని మీద పాకుతూ పోయే మీ అమరికలో, కొస నుంచి 300 మి.మీ. దూరంలో ఉన్నప్పటి బిర్రుతో పోలిస్తే నడిమధ్యలో ఉన్నప్పటి బిర్రు దాదాపు మూడో వంతు మాత్రమే. దీనికి మందు బిగించడం కాదు. వెడల్పు రెట్టింపు చేస్తే సాగు సగమవుతుంది, గాజు నార బదులు ఉక్కు తీగల బెల్టు వేసినా బాగా తగ్గుతుంది. మరొక పద్ధతి నాకు చాలా ఇష్టమైనది: అదే రకం బెల్టు ఇంకొకటి తీసుకుని, పళ్ళు పైకి వచ్చేలా టేబులు పక్క పట్టీ మీద పొడవునా అతికిస్తే, పై బెల్టు పళ్ళు దాని పళ్ళలో కూర్చుని, పుల్లీ చుట్టూ లేచిన జానెడు ముక్క తప్ప మిగిలినదంతా పట్టీకే లాక్ అయిపోతుంది. అప్పుడు నడిమధ్యకూ కొసకూ తేడా దాదాపు ఉండదు.

అయితే మీరు మొదట చేయవలసిన మార్పు అది కాదు. మోటారుకూ బెల్టుకూ మధ్య మూడింటికి ఒకటి తగ్గింపు పెట్టండి, అంటే మోటారు మూడు చుట్లు తిరిగితే బెల్టును నడిపే పుల్లీ ఒక చుట్టు తిరగాలి. మోటారు షాఫ్టుకు 20 పళ్ళ పుల్లీ, రెండు బేరింగుల మధ్య నిలబెట్టిన అడ్డ షాఫ్టుకు 60 పళ్ళ పుల్లీ, వాటిని కలుపుతూ పొట్టి బెల్టు, అదే అడ్డ షాఫ్టు మీద ఇప్పుడున్న 20 పళ్ళ పుల్లీ. దీనితో మోటారు ఆవృత్తం 2 మి.మీ. నుంచి మిల్లీమీటరులో మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. 1500 వేగం దగ్గర తట్టడం సెకనుకు 37 సార్లు దాటుతుంది, 3000 దగ్గర 75 సార్లు. గ్యాంట్రీ ఇప్పటి ఊగుతో అది కలవాలంటే వేగం 500 దగ్గరకు దిగాలి, 3 మి.మీ. షీటును ఆ వేగంతో ఎవరూ కోయరు. ప్రతి తట్టుకూ గ్యాంట్రీ వైపు కదిలే దూరం కూడా మూడో వంతవుతుంది. ఇంకొక లాభం చాలామంది గుర్తించరు. స్టెప్పర్ మోటారు లాక్ అయినప్పుడు బండలా నిలబడదు, లోపలి అయస్కాంతం స్ప్రింగులా పట్టుకుని ఉంటుంది, మూడింటి తగ్గింపుతో ఆ స్ప్రింగు బిర్రు గ్యాంట్రీ వైపు నుంచి చూస్తే తొమ్మిది రెట్లు పెరుగుతుంది. 3000 వేగానికి మోటారు నిమిషానికి 30 చుట్లకు బదులు 90 చుట్లు తిరగాలి, అది దానికి భారమే కాదు. కంట్రోలరులో మిల్లీమీటరుకు పల్సుల సంఖ్యను మూడు రెట్లు చేయడం మరవకండి, డ్రైవరులో 10 మైక్రోస్టెప్పులు (ఒక్కొక్క స్టెప్పును పది ముక్కలు చేయడం) పెట్టి ఉంటే అది 20 నుంచి 60 అవుతుంది. మైక్రోస్టెప్పులను 10 నుంచి ఇంకా పెంచితే వణుకు పోతుందని కొందరు చెబుతారు గాని, మీ వంటి బరువైన గ్యాంట్రీకి దానివల్ల ప్రయోజనం నేను చూడలేదు.

60 పళ్ళ పుల్లీని ఊళ్ళో లేతు మీద చేయించే పక్షంలో, పళ్ళు, రంధ్రం ఒకే బిగింపులో రావాలని టర్నరుకు గట్టిగా చెప్పండి. ముక్కను తిప్పి మళ్ళీ పట్టిస్తే నడిమి తప్పి, మీరు 2 మి.మీ. అలను పోగొట్టి 100 మి.మీ. అలను తెచ్చుకుంటారు.

మూల దగ్గరి అలలకు యాక్సిలరేషను కూడా చూసుకోవాలి. సెకను వర్గానికి 1500 మి.మీ. పెడితే గ్యాంట్రీ మిల్లీమీటరు లోపే పూర్తి వేగం అందుకోవాలని ప్రయత్నించి కుదుపు తెస్తుంది, 500 పెడితే రెండున్నర మిల్లీమీటర్లు తీసుకుంటుంది. మరీ తగ్గిస్తే టార్చి మూలలో నిదానించి అక్కడ షీటు ఎక్కువ కరుగుతుంది, కాబట్టి 500 దగ్గర మొదలుపెట్టి, ఒక చదరపు ముక్కను మళ్ళీ మళ్ళీ కోస్తూ 50, 50గా పెంచి, అల కనబడిన చోట ఒక మెట్టు వెనక్కి రండి. పదునైన మూలలే కావలసిన పనులకు, మూల దగ్గర గీతను స్క్రాపు వైపుకు పొడిగించి గుండ్రంగా తిప్పి తెచ్చే సదుపాయం, డిజైను నుంచి కోత దారిని తయారుచేసే చాలా క్యామ్ సాఫ్ట్‌వేర్లలో ఉంది, అప్పుడు ఊగు అంతా స్క్రాపులోనే తీరిపోతుంది.

బెల్టులను ఇప్పుడున్నంత బిగువులో మాత్రం ఉంచకండి. నీమా 23 షాఫ్టు సన్నగా ఉంటుంది, మోగేటంత బిగిస్తే అది వంగి, మోటారు ముందు బేరింగు పాడవుతుంది, అసలు లేని 100 మి.మీ. అల కొత్తగా పుడుతుంది. రెండు వైపుల బెల్టులకూ ఒకే పొడవు ముక్కను పట్టి వేలితో మీటితే ఒకే స్వరం రావడం ముఖ్యం. ఒక వైపు బిగువు, మరో వైపు వదులు అయితే గ్యాంట్రీ వాలుగా నడుస్తుంది.

చివరగా నేల గురించి ఒక మాట. కొన్నేళ్ళ క్రితం అనంతపురంలో ఒక షెడ్డులో ఇటువంటి వణుకు కోసమే నేను నాలుగు రోజులు బెల్టులు, బేరింగులు విప్పి బిగించాను. ఐదవ రోజు ఒక కుర్రవాడు టేబులు మీద నీళ్ళ చెంబు పెట్టి భోజనానికి వెళితే, గ్యాంట్రీ మూల తిరిగిన ప్రతిసారీ చెంబులో నీళ్ళు గుండ్రంగా వణకడం కనబడింది. టేబులు కాలు ఒకటి నాపరాయి బండ మీద ఉంది, సుత్తితో తడితే ఆ బండ కింద డొల్ల. బండ తీసి, అడుగు లోతు కాంక్రీటు దిమ్మె పోసి, కాలును బోల్టులతో బిగించిన తరువాత సగం వణుకు పోయింది. మన ప్రాంతపు షెడ్లలో నేలంతా బండలే గనుక, ఆరు కాళ్ళ కిందా సుత్తితో తట్టి వినండి.

ప్రశ్న: మాది తాడిపత్రి. నాపరాయి పాలిష్ యూనిట్లకు స్టాండ్లు, ట్రాలీలు చేస్తాము. మా టేబులులో టార్చి స్థానంలో మార్కరు పెన్ను కట్టి గీయిస్తే గీత అద్దంలా వస్తుంది. ప్లాస్మా వెలిగించగానే కుదుపులు మొదలవుతాయి, ఒకసారి గ్యాంట్రీ నిలిచి కూడా పోయింది. మెకానికు బెల్టులు మార్చమంటున్నాడు. మార్చాలా?

జవాబు: వద్దు. పెన్నుతో గీత సాఫుగా వచ్చిందంటే బెల్టులు, పుల్లీలు, బేరింగులు నిర్దోషులని మీరే రుజువు చేశారు. మిగిలినవి రెండు: టార్చి ఎత్తును సర్దే ఏర్పాటు, కరెంటు గోల.

ముందు ఎత్తు సర్దే ఏర్పాటును ఆపివేసి, వంపు లేని షీటు మీద ఒక నేరు గీత కోయండి. కుదుపు పోతే అది పైకీ కిందికీ తడబడుతున్నట్టు. ఆర్క్ వోల్టేజి పెరిగితే టార్చి ఎత్తుకు పోయిందని, తగ్గితే షీటుకు దగ్గరయిందని అది భావిస్తుంది. మూల దగ్గర వేగం తగ్గినప్పుడు కోత వెడల్పై వోల్టేజి పెరుగుతుంది, పాత కోత మీదుగా దాటినప్పుడు కూడా అంతే, ఆ రెండు సందర్భాలలోనూ అది టార్చిని షీటు మీదికి దించేస్తుంది. మూలల్లో, వేగం తగ్గిన చోట్ల దానిని ఆపి ఉంచే సెట్టింగు దాదాపు అన్ని కంట్రోలర్లలో ఉంటుంది, దానిని వాడండి.

కుదుపు పోకపోతే కరెంటు గోల. యంత్రభాగాల లోపం క్రమంగా, ఒకే దూరంలో గుర్తు వేస్తుంది. కరెంటు గోల అలా కాదు, దానికి లెక్క ఉండదు, ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ జరుగుతుంది. హై ఫ్రీక్వెన్సీతో ఆర్క్ రగిలించే ప్లాస్మా యంత్రాలు వెలిగిన క్షణంలో చుట్టూ ఉన్న ప్రతి తీగలోకీ చొరబడతాయి. ఎలక్ట్రోడును గాలి వెనక్కి నెట్టి ఆర్క్ పుట్టించే రకానికి ఈ గొడవ చాలా తక్కువ. టార్చి కేబులును, మోటారు తీగలను, లిమిట్ స్విచ్ (గ్యాంట్రీ కొసకు చేరితే యంత్రాన్ని ఆపే స్విచ్) తీగలను ఒకే డ్రాగ్ చైనులో కుక్కి ఉంటే ఈ రోజే విడదీయండి, కనీసం అడుగు ఎడం ఉండాలి, దాటవలసి వస్తే అడ్డంగా దాటాలి. పల్సు తీగలకు, స్విచ్ తీగలకు షీల్డు ఉన్న కేబులు వేసి, షీల్డును కంట్రోలరు వైపు మాత్రమే ఎర్త్ చేయండి, రెండు వైపులా చేస్తే గోలకు అదే దారి అవుతుంది. మీ గ్యాంట్రీ మధ్యలో నిలిచిపోవడం చూస్తే, లిమిట్ స్విచ్ తగిలిందని కంట్రోలరు పొరబడిందనే నా అనుమానం. ప్లాస్మా ఎర్త్ క్లాంపును షీటుకే పట్టించండి, టేబులు కాలికి కాదు.

మన నేలలో ఎర్త్ గుంత సంగతి కూడా పట్టించుకోవాలి. పైన మట్టి తక్కువ, కింద రాయి, ఏప్రిలు, మే నెలల్లో గుంత ఎముకలా ఎండిపోతుంది. వేసవిలో నీళ్ళు పోస్తూ ఉండండి, ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ నిరోధాన్ని మీటరుతో కొలిపించండి. ఎర్త్ బదులు న్యూట్రల్ తీగను టేబులుకు కలిపే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, అది ప్రాణాపాయం.

ప్రశ్న: కడపలో గేట్ల డిజైన్లు కోస్తాము. నేరు గీతలు, చతురస్రాలు చక్కగా వస్తాయి. నెమలి, తామర పువ్వు వంటి డిజైన్లలో వంపుల దగ్గర మాత్రం టార్చి టకటకమంటూ నడుస్తుంది. అయినా నెమలి తోక కొస మొదలుపెట్టిన చోట చక్కగా కలుస్తుంది. బెల్టు పళ్ళు దూకుతున్నాయా?

జవాబు: బెల్టు పళ్ళు దూకితే డిజైను పక్కకు జరిగిపోయి, మొదలుపెట్టిన చోట కలవదు. మీ నెమలి తోక కొస చక్కగా కలుస్తున్నదని రాశారు గనుక యంత్రం మంచిదే, తప్పు ఫైలులో ఉంది. బొమ్మను ట్రేస్ చేసి తెచ్చిన ఫైలులో ఒక్కొక్క వంపు వందల చిన్న నేరు గీతలుగా ముక్కలై ఉంటుంది. 100 మి.మీ. వ్యాసం ఉన్న వృత్తం చుట్టుకొలత 314 మి.మీ., దానిని 0.2 మి.మీ. ముక్కలుగా చేస్తే 1570 గీతలవుతాయి. నిమిషానికి 3000 వేగంతో కోయాలంటే కంట్రోలరు సెకనుకు 250 గీతలు చదివి, ప్రతి కీలు దగ్గరా నిదానించాలా వద్దా అని తేల్చుకోవాలి. అది చేయలేక గ్యాంట్రీ ఆగుతూ సాగుతూ పోతుంది, మీకు వినబడుతున్న టకటక అదే. క్యాడ్‌లో ఆ ముక్కలను ఆర్కులుగా మార్చి, జీ2, జీ3 (వంపును ఒకే వంపుగా కోయమనే) కమాండ్లుగా వచ్చేలా చూడండి, మొత్తం వృత్తం అప్పుడు ఒకటి రెండు పంక్తులలో ముగుస్తుంది. యంత్రాన్ని నడపడానికి మాక్3 సాఫ్ట్‌వేరు వాడుతున్నట్లయితే ప్రతి కీలు దగ్గరా ఆగే జీ61 పద్ధతి కాకుండా, ఆగకుండా సాగే జీ64 పద్ధతి ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. లినక్స్‌సీఎన్‌సీలో జీ64తో పాటు పీ0.1 అని ఇస్తే గీత నుంచి 0.1 మి.మీ. వరకు తప్పుకునే వీలు దొరుకుతుంది, మిల్లీమీటరు దాటిన కోత వెడల్పు ముందు ఆ తేడా కంటికి ఆనదు. నెమలి కంటి చుట్టూ ఉన్నటువంటి అతి చిన్న వంపుల్లో వేగాన్ని ఫైలులోనే తగ్గించి పెట్టడం మంచిది.

ప్రశ్న: ప్రొద్దుటూరు నుంచి రాస్తున్నాను. మాది 1200 మి.మీ. టేబులు. బెల్టులు తీసేసి ర్యాక్, పినియన్ (పళ్ళ పట్టీ, దాని మీద నడిచే పళ్ళ చక్రం) వేసుకుంటే వణుకు పీడ వదులుతుందా?

జవాబు: సాగు పీడ వదులుతుంది, మోటారు పీడ వదలదు. మాడ్యూల్ 1 (పంటి సైజు కొలత), 20 పళ్ళ పినియన్ ఒక చుట్టుకు దాదాపు 63 మి.మీ. నడుస్తుంది. మోటారుకు నేరుగా బిగిస్తే పూర్తి స్టెప్పు 0.3 మి.మీ. పైమాటే, కాబట్టి తగ్గింపు లేకుండా ర్యాక్ వేయడం డబ్బు దండగ. ర్యాక్ పళ్ళలో ఇనుప ధూళి చేరకుండా పళ్ళు కిందికి ఉండేలా బిగించి, పినియన్‌ను స్ప్రింగుతో ర్యాక్‌కు అదిమి పట్టే ఏర్పాటు చేసుకోగలిగితేనే ఆ పనికి పూనుకోండి. 3000 మి.మీ. దాటిన టేబుళ్ళకు నేనూ ర్యాక్‌నే సిఫారసు చేస్తాను. మీ 1200 మి.మీ. టేబులుకు మంచి బెల్టు చాలు.

ప్రశ్న: బెల్టులు కీచుమంటున్నాయి. గ్రీజు రాయవచ్చా? (అనంతపురం)

జవాబు: రాయకూడదు. నూనె, గ్రీజు రబ్బరును ఉబ్బిస్తాయి, అంతకంటే ముందు ప్లాస్మా ధూళిని పట్టి ఉంచి, పంటి సందుల్లో గట్టి పేస్టులా తయారై, బెల్టు పుల్లీ మీద పైకి లేచేలా చేస్తాయి. వారానికొకసారి ఎండు బ్రష్షుతో పళ్ళ సందులు దులిపి, పుల్లీ పళ్ళను పాత టూత్ బ్రష్షుతో శుభ్రం చేయండి. కంప్రెసరు గాలి కొట్టేటప్పుడు బేరింగుల వైపు కాకుండా బయటి వైపుకు కొట్టండి. కీచు శబ్దం అప్పటికీ పోకపోతే బెల్టు ఒక పక్కకు జరిగి పుల్లీ అంచును రాసుకుంటున్నట్టు, ఆ అంచు మీద నల్లని రబ్బరు పొడి కనబడుతుంది. మోటారు బిగించిన ప్లేటు మూలమట్టానికి లేదన్నమాట. ప్లేటు నాలుగు స్క్రూలు వదులు చేసి, పుల్లీ ముఖాన్ని బెల్టుకు సమంగా తెచ్చి, గ్యాంట్రీని చేత్తో అటూ ఇటూ నాలుగైదు సార్లు తోసి, బెల్టు తన చోట తాను నిలబడిన తరువాతే మళ్ళీ బిగించండి.